ఐదో రోజు: మోదియానో ‘డోరా బ్రూడర్’

1941 డిసెంబర్ 31న ‘పారి-స్వార్’ పత్రికలో ఒక చిన్న ప్రకటన వచ్చింది. పదిహేనేళ్ళ అమ్మాయి కనబడటం లేదు. పేరు డోరా బ్రూడర్, ఎత్తు 1.55 మీటర్లు. ఆచూకీ తెలిస్తే 41, బూల్వార్ ఓర్నానోలో ఉన్న తల్లిదండ్రులకి చెప్పాలి. 1988లో పాత పత్రికలు తిరగేస్తున్న పాట్రిక్ మోదియానో కంట్లో ఇది పడింది. తొమ్మిదేళ్ళకి ‘డోరా బ్రూడర్’ అచ్చయింది. నేను చదివింది జొవానా కిల్మార్టిన్ ఇంగ్లీషు అనువాదం. ఇది నవలా, జీవితచరిత్రా, ఆత్మకథా అంటే తేల్చి చెప్పడం కష్టం. ఒక ఫైలు తెరిచి, అది ఎప్పటికీ నిండదని తెలిసినా మూయలేకపోయిన మనిషి రాసిన పుస్తకం అంటే సరిపోతుందేమో.

డోరా పుట్టిన తేదీ (1926 ఫిబ్రవరి 25) కనుక్కోవడానికి మోదియానోకి నాలుగేళ్ళు పట్టింది. పుట్టిన చోటు తెలుసుకోవడానికి ఇంకో రెండేళ్ళు. జనన నమోదు పూర్తి నకలు కావాలంటే బంధువై ఉండాలి, లేదా ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఆఫీసు నియమంగా చూస్తే ఇందులో తప్పేం లేదు. కానీ ఆ కాగితం అడిగే హక్కున్న తండ్రి డోరాతో పాటు ఒకే రైల్లో, 1942 సెప్టెంబర్ 18న, ఆష్విట్జ్‌కి వెళ్ళిపోయాడు. 1943 ఫిబ్రవరిలో తల్లినీ పంపేశారు. అడగాల్సిన వాళ్ళెవరూ లేకపోతే ఊరూపేరూ తెలియని ఒక రచయిత వెళ్ళి అడగాల్సి వచ్చింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది ఇంకో రిజిస్టరు సంగతి. 1940 అక్టోబర్‌లో యూదులంతా పోలీసుల దగ్గర పేర్లు నమోదు చేయించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. తండ్రి ఎర్నెస్ట్ బ్రూడర్ తన పేరూ భార్య పేరూ రాయించాడు, కూతురి పేరు మాత్రం రాయించలేదు. ఏడాది తర్వాత, డిసెంబర్ 14న, కాన్వెంట్ హాస్టల్ నుంచి డోరా పారిపోయింది. పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి ఆయనకి పదమూడు రోజులు పట్టింది. మోదియానో ఈ ఆలస్యం దగ్గర ఆగుతాడు. కూతురు దొరకాలంటే, ఇన్నాళ్ళూ దాచిన పేరు ఆ తండ్రే వాళ్ళకి చెప్పాలి. వంశవృక్షాలు వెతికే మనం ఎక్కడైనా పేరు లేకపోతే రికార్డు పోయిందనో, గుమాస్తా నిర్లక్ష్యమనో అనుకుంటాం. ఇక్కడ ఆ ఖాళీని తండ్రే కావాలని వదిలాడు.

1942 ఏప్రిల్ 17న డోరా తల్లి దగ్గరికి తిరిగొచ్చింది. మధ్యలో నాలుగు నెలలు ఎక్కడుందో తెలీదు. అదే ప్రకటన ఆధారంగా మోదియానో 1990లో ‘వాయాజ్ ద నోస్’ నవల రాశాడు, అక్కడ ఊహకి అడ్డు లేదు. ఇక్కడ ఆ నాలుగు నెలల్లో ఒక్క సంఘటన కూడా కల్పించడు. ఆ చలికాలం ఎప్పుడు మంచు పడిందో, ఎప్పుడు కర్ఫ్యూ పెట్టారో మాత్రం చెప్తాడు. ఆమెకి మిగిలిన ఒకే ఒక్క రహస్యం ఆ రోజులేనని వదిలేస్తాడు. పుస్తకం బలం అంతా ఈ నిగ్రహంలోనే ఉందని నాకనిపిస్తుంది.

మరి చావు? పుస్తకం రైలు దగ్గరే ఆగిపోతుంది. చట్టం అలా ఆగలేదు. 1985 మే 15న ఫ్రాన్సు ఒక చట్టం చేసింది. రైలెక్కించాక ఏ కబురూ లేని మనిషి, బయల్దేరిన అయిదో రోజున, ఆ రైలు చేరాల్సిన చోట చనిపోయినట్టు భావించాలి. ఆ లెక్కన డోరాది సెప్టెంబర్ 23. నా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది డిఫాల్ట్ వేల్యూ. ఇదేదో తేలిగ్గా చేసిన పని కాదు. అసలు కాగితమే లేకపోవడం కంటే ఇది ఎంతో నయం. కానీ రేపెప్పుడో ఒక మునిమనవరాలు ఆ కాగితం చూసి, అది ఎవరో చూసి రాసిన తేదీ అనుకునే ప్రమాదం ఉంది.

మన చట్టంలో ఏడేళ్ళు ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టే భావిస్తారు, ఏ రోజు చనిపోయారన్నది మాత్రం ఊహించరు. మన ఇళ్ళల్లో ఇంకో పద్ధతి. మా ముత్తాత పోయింది మాఘ బహుళ దశమి అని అందరికీ తెలుసు, ఏ సంవత్సరమో ఒక్కరికీ తెలీదు. తద్దినానికి తిథి చాలు కదా. తిథి కూడా తెలియకపోతే మహాలయ అమావాస్య ఉండనే ఉంది. వారసత్వానికి ఒక తేదీ కావాలి, తర్పణానికి ఒక తిథి కావాలి. అసలేం జరిగిందన్న ప్రశ్న ఈ రెంటికీ బయటే మిగిలిపోతుంది.

ఈ పుస్తకంతో నాకు ఒక పేచీ ఉంది. రైళ్ళవారీగా పేర్లు సేకరించి సెర్జ్ క్లార్స్‌ఫెల్డ్ 1978లో వేసిన గ్రంథం లేకపోతే మోదియానో వెతుకులాట ముందుకి కదిలేది కాదు. తర్వాత కూడా ఆయన కాగితాలూ ఫొటోలూ పంపాడు. పుస్తకంలో మాత్రం వీధుల్లో తిరిగే ఒంటరి రచయితే కనిపిస్తాడు. తనని కథలోంచి మాయం చేశారని క్లార్స్‌ఫెల్డ్ నొచ్చుకున్నాడు కూడా. ఒంటరితనం ఈ వచనానికి అందం ఇచ్చిన మాట నిజమే. కానీ చెరిగిపోయిన ఆనవాళ్ళ గురించి రాసిన పుస్తకంలో సాయం చేసిన మనిషి ఆనవాలు చెరిగిపోవడం చిన్న విషయం కాదు. పాత కాగితాల కోసం తిరిగినవాళ్ళకి తెలుసు, ఏ వెతుకులాటా ఒక్కడి వల్ల అయ్యేది కాదని.

అయినా ఈ పుస్తకం చదవమనే చెప్తాను, ముఖ్యంగా ఇంట్లో ఎవరి గురించో వెతుకుతున్నవాళ్ళకి. 2015లో పారిస్‌లో ఒక నడకదారికి డోరా బ్రూడర్ పేరు పెట్టారు. తండ్రి దాచిపెట్టిన పేరు ఇప్పుడు వీధి పలక మీద ఉంది. ఆ నాలుగు నెలలు ఆమె ఎక్కడుందో మాత్రం ఇంకా ఎవరికీ తెలీదు.