సీతమ్మగారి వంటశాల: జీవితకథలు అడగని ప్రశ్నలు

కోనసీమ స్త్రీల చరిత్ర అనగానే ముందుగా వినవచ్చే పేరు డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేవరకు వేళగాని వేళ వచ్చినవారికి సైతం అన్నం పెట్టిన ఇల్లాలు. వైనతేయ పాయపై నిర్మించిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టింది. అయితే ఆమెపై వచ్చిన రచనలు ఒకటి చదివితే అన్నీ చదివినట్లే ఉంటాయి.

అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరిన సీతమ్మ, తన ఇంటి భోజనంపై ఆశపెట్టుకుని వస్తున్న బాటసారుల మాటలు విని వెనుదిరిగిన కథ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆమె ఫోటో తెప్పించుకున్నాడన్న ఉదంతానికి దక్కిన పుటలు ఆమె వంటింటికి దక్కలేదు. దానధర్మాలతో ఆస్తి కరిగినప్పుడు భర్త జోగన్నగారికి పొలంలో లంకెబిందె దొరికిందని మరో కథ. ఖర్చు ఎలా గడిచిందన్న ప్రశ్నకు జీవితకథలు చెప్పే సమాధానం ఈ లంకెబిందె!

చరిత్ర ఇలా రాయరాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువనీరు అందాక కోనసీమలో వరి పుష్కలమైంది. ఆ ధాన్యం పొంగులో ఈ అన్నదానానికి ఎంత పాలు? భూమి ఎవరి పేర ఉన్నది? బియ్యం దంచినదెవరు, కట్టెలు మోసినదెవరు? కులభేదం లేకుండా పెట్టిందంటారు సరే, ఎవరు ఎక్కడ కూర్చుని తిన్నారు? ఇవి ఆమె గొప్పతనాన్ని తగ్గించే ప్రశ్నలు కావు. ఆమెను దేవతగా చేసినవారే ఆమె నిర్వహణ దక్షతను మరుగుపరిచారు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ జెరూసలేంలో కనిపిస్తుంది. సుల్తాన్ సులైమాన్ భార్య హుర్రెమ్ అక్కడ 1552లో పేదల కోసం భోజనశాల స్థాపించింది. దాని వక్ఫ్ పత్రం నేటికీ నిలిచి ఉన్నది. ఏ గ్రామాల రాబడి దానికి చెందుతుందో, ఎందరు పనివారుండాలో, పొద్దున బియ్యపు గంజి, సాయంత్రం గోధుమరవ్వ గంజి పెట్టాలనీ అందులో ఉన్నది. అందువల్ల ఆ స్త్రీ ఔదార్యాన్ని ఒక సంస్థగా పరిశీలించడం పండితులకు సాధ్యమైంది. ఆమె రాణి గనుక పత్రం మిగిలింది, నిజమే. గన్నవరం ఇల్లాలికి ఆ వసతి లేదు. కాని గోదావరి జిల్లా రెవిన్యూ రికార్డులనైనా వెదకకుండా కథలతో సరిపెట్టుకోవడం మాత్రం పరిశోధకుల బద్ధకమే.

మరో లోపం కూడా ఉన్నది. సంఘ సంస్కరణ అధ్యాయంలో వీరేశలింగం, దాతల అధ్యాయంలో సీతమ్మ అని విడదీస్తారు. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిగినప్పుడు వంటవారు, నీళ్లు మోసేవారు బహిష్కరించగా, వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మి స్వయంగా గోదావరి నీళ్లు మోసి వండింది. అదే గోదావరి సీమలో, అదే కాలంలో, ఒక వంటిల్లు ఆచారాన్ని నిలబెట్టింది, మరొకటి ధిక్కరించింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన గ్రంథం రావలసి ఉన్నది.

సీతమ్మ పేరు మోస్తున్న బడి వంటశాలల్లో నేడు పొయ్యి ముందు నిలబడేవారు ఎక్కువగా పేద గ్రామీణ స్త్రీలే. వారి హాజరు పట్టీలు, సరుకుల లెక్కలు ఇప్పటినుంచే భద్రపరిస్తే, ముందు తరం పరిశోధకులకు లంకెబిందె కథ అవసరముండదు.