ముందు గోడ ఆరనివ్వండి

పాత ఇంటి గోడ పెచ్చులూడితే మనవాళ్లు మొదట అడిగేది ఏ పుట్టీ మంచిదని, ఏ కంపెనీ రంగు ఎక్కువ కాలం నిలుస్తుందని. ఆ ప్రశ్న రావాల్సింది చివర్న. గోడ దేనితో కట్టారు, దానిలోకి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, వచ్చిన నీళ్లకు బయటికి పోయే దారి ఉందా? ఈ మూడూ తేలకుండా రంగు డబ్బా మూత తీస్తే ఆ ఖర్చు దండగ. పాత గోడను దాని సొంత సరుకుతోనే బాగుచేయాలి, ఆరాకే పూయాలి అన్నది నా వాదన.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో ఇంకా మిగిలిన పెంకుటిళ్లు, భవంతులు, మట్టి మిద్దెలు చాలావరకు సిమెంటు చేతికందక ముందు కట్టినవి. గోడ మట్టిది, లేదంటే రాళ్ల మధ్య అడుసు పెట్టి లేపింది. కాస్త కలిగిన ఇళ్లలో డంగుసున్నం. లోపల మట్టి పూత, దాని మీద సున్నం, అడుగున జాజు పట్టీ. పునాది మీద నేల తడిని ఆపే పొర ఈ గోడలకు లేదు. అందుకే నేలలోని చెమ్మ గోడలోకి పాకి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఎక్కుతుంది. కట్టినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. ఎక్కిన చెమ్మ మట్టిలోంచి, సున్నంలోంచి మెల్లగా గాలిలో కలిసిపోయేది. వానకాలంలో నానిన గోడ ఎండాకాలానికి ఆరేది. దసరాకో పెళ్లికో వేసే సున్నం ఆ చెమ్మకు అడ్డుపడని పూత. తరాల తరబడి ఆ ఇళ్లు నిలవడానికి అదొక ముఖ్య కారణం.

ఇప్పుడు అదే గోడ మీద సిమెంటు పూత, ఆపైన పుట్టీ, ప్రైమరు, రెండు చేతుల ప్లాస్టిక్ ఎమల్షన్. చెమ్మ ఎక్కడం ఆగదు, పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. కొద్ది వానకాలాల్లోనే మంచం పక్క గోడ మీద, మోకాలెత్తున, రంగు బొబ్బలెక్కుతుంది. వేలితో నొక్కితే పుట్టీ పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడిలో తెల్లటి నూగు కనిపిస్తుంది. చాలామంది దాన్ని బూజనుకుంటారు. అది ఉప్పు. నేలలోంచి నీళ్లతో పాటు వచ్చిన లవణాలు, నీళ్లు ఆవిరైన చోట పలుకులు కట్టి, పెరిగి, పైపొరను బయటికి నెడతాయి. పక్కనే సిమెంటును వేలి కణుపులతో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తుంది. అక్కడ ఉలి పెట్టి లేపితే సిమెంటు పెచ్చు ఒక్కటే రాదు, దాని వీపుకు అంటుకుని గోడ మట్టి కూడా ఊడి వస్తుంది. సిమెంటు గట్టిదన్న మాట నిజమే, ఇక్కడ చేటు తెచ్చేదీ ఆ గట్టితనమే. తడికీ ఎండకూ మట్టి కదిలినట్టు సిమెంటు కదలదు, నానిన మట్టి దాన్ని మోయలేదు.

వరదలు వచ్చాక ఈ పొరపాటు ఇంకా ఖరీదైంది. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాంతండా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. గోడల మీద బురద చారలు చూస్తూ బతకడం కష్టం. త్వరగా రంగు వేసి ఆ రోజును మరిచిపోవాలనిపిస్తుంది. కానీ గోడ మందంలో అంగుళం ఆరడానికి సుమారు నెల పడుతుందని పాత కట్టడాల మరమ్మతు చేసేవాళ్లు లెక్క వేస్తారు. ఆ లెక్కన ఒకటిన్నర అడుగుల గోడ రెండు వైపుల నుంచీ ఆరినా తొమ్మిది నెలలు. చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంటుంది, నడిమి తడి చేతికి తెలియదు. జానెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులూ టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. లోపలివైపు నీటి బొట్లు పడితే ఆ గోడ ఇంకా రంగుకు సిద్ధంగా లేదు.

మరమ్మతు ఇంటి బయట మొదలవ్వాలి. పగిలిన పెంకులు మార్చాలి, చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా చూడాలి. వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేసి, వీధి గడప కంటే ఎత్తయిన ఇళ్లు ఎన్నో. అక్కడ ఇంటి ముందు కాలువ తీయకుండా లోపల ఎంత పూసినా లాభం లేదు. తర్వాత డొల్ల పలికిన సిమెంటు ఊడదీసి, ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. గుంటల్ని మట్టి గోడకు మట్టి, వరిపొట్టు, పేడ కలిపి పూడ్చాలి. డంగుసున్నపు గోడకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. పాత అంచులు తడిపి, పలచగా పొర మీద పొర వేయాలి. చివర సున్నం. కొన్ని రోజులు నానబెట్టి, గుడ్డలో వడకట్టి, తుమ్మబంక కలిపి, పాలంత పలచగా చేయాలి. కుంచె వేసిన వెంటనే గోడ మీద ఏమీ కనిపించదు, ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. ఏమీ కనిపించడం లేదని చిక్కగా కొడితే అది పొరలుగా లేస్తుంది. పచ్చి సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కళ్లద్దాలు లేకుండా ఆ పనికి దిగొద్దు.

సున్నం బట్టలకు అంటుతుంది, ఏటా వేయాలి, అది పాతకాలపు పని అనేవాళ్లున్నారు. అంటేది జిగురు లేని సున్నం, ఎండిన గోడను తడపకుండా కొట్టిన సున్నం. ఏటా వేయాల్సి రావడం నిజమే. కానీ ఏటా కొంచెం శ్రమ ఒకవైపు, నాలుగేళ్లకోసారి గోడ మట్టితో సహా ఊడగొట్టే ఖర్చు ఒకవైపు పెట్టి చూడాలి. పాతకాలపు పని అంటారా, హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013లో చేపట్టిన పనిలో, గత శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నమే పూశారు. రాజుల కట్టడాల సంగతి మన అర్రలకు ఎందుకని అడగొచ్చు. ఆ గోడలు రాతివి, మనవి అంతకంటే మెత్తనివి. సిమెంటుతో ముప్పు మనకే ఎక్కువ. సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకడం లేదన్న మాటలో మాత్రం బలముంది. నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (నాక్) లాంటి సంస్థలు ఈ పనిని శిక్షణలో చేర్చితే పల్లె మేస్త్రీకి మళ్లీ ఒక బతుకుతెరువు దొరుకుతుంది. ఇటుక, సిమెంటుతో కట్టిన ఇళ్ల లెక్క వేరు. కారుతున్న చోటు మూసి, గోడ ఆరాక పుట్టీ, ఎమల్షన్ వేసుకోవచ్చు, తప్పు లేదు.

గోడ ఏదైనా, పాత ఆయిల్ పెయింటును మాత్రం పొడిగా గీకించకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో అంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. ఆ ధూళి పసిపిల్లల మెదడుకు చేటు. తడిపి గీకాలి, పని అయ్యేదాకా పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదికి దూరంగా ఉంచాలి, గీకిన పెచ్చులు మూటగట్టి పారేయాలి.

రంగుకు బయానా ఇచ్చే ముందు మేస్త్రీని పిలిచి, గోడ అడుగున అరచెయ్యంత మేర పూత తీయించి లోపల ఏముందో మీ కళ్లతో చూడండి. మట్టి కనిపిస్తే సిమెంటు బస్తా కొనకండి.