నిదానం చెల్లని చోటు

ఈ వారం ఒక పత్రికలో కణాలను పరుగెత్తించే యంత్రాల మీద అరపేజీ వ్యాసం చదివి ఒళ్లు మండింది. ఎంతసేపూ వేగం, శక్తి, రికార్డులే. బయల్దేరినప్పుడు సన్నగా, బిగువుగా ఉన్న ప్రోటాన్ పుంజం చివరిదాకా అలాగే ఉందా, చెదిరి లావెక్కిందా అన్న ఊసే లేదు. లావెక్కిన పుంజాలు ఎదురెదురుగా వచ్చినా ప్రోటాన్లు ఢీకొనేది తక్కువ, తప్పుకుపోయేది ఎక్కువ. ఇక అంత శక్తి ఎందుకు?

నాకు నిదానం మీద పక్షపాతం. డికాక్షన్ బొట్టుబొట్టుగా దిగాల్సిందే. పుంజం చెదరకుండా ఉండాలన్నా మెల్లగా నడపడమే మేలని నా వాదన. అందుకే సెర్న్ ప్రయోగశాలను సాక్ష్యానికి పిలుద్దామనుకున్నాను. 450 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అందుకున్న ప్రోటాన్లను గరిష్ఠ శక్తికి చేర్చడానికి అక్కడి ఎల్‌హెచ్‌సీ యంత్రం ఇరవై నిమిషాలు తీసుకుంటుంది మరి!

కానీ ఆ సాక్షి ఇంట్లోనే పెద్దాయన ఒకడున్నాడు, పాత ప్రోటాన్ సింక్రోట్రాన్. దాని సాక్ష్యం వేరు. అందులో తక్కువ శక్తి దగ్గర కాస్త జోరున్న ప్రోటాన్ చుట్టు ముందే ముగిస్తుంది. కాంతి వేగానికి దగ్గరయ్యాక వేగం పెద్దగా పెరగదు. శక్తి ఎక్కువైన ప్రోటాన్ బయటి దారి పట్టి ఆలస్యంగా వస్తుంది. ఈ రెండింటి మధ్య, ఈ యంత్రంలో ఆరు గిగాల దగ్గర, ఒక గడప ఉంది. అక్కడ ముందున్నదాన్ని, వెనకున్నదాన్ని ఒక గుత్తిగా పట్టి ఉంచే రేడియో తరంగానికి పట్టు జారుతుంది. దాటిన వెంటనే తరంగం దశ మార్చకపోతే, కూర్చాల్సిన తోపే చెదరగొడుతుంది.

1959 నవంబరు 24 రాత్రి వోల్ఫ్‌గాంగ్ ష్నెల్ అనే ఇంజనీరు, గొట్టంలో పుంజం ఎటు జరుగుతోందో చూసి దశను సరిదిద్దే సర్క్యూట్‌ను తగిలించాడు. దాన్ని బిగించింది నెస్‌కెఫే డబ్బాలో. పుంజం గడప దాటి 24 గిగాల దాకా పోయింది. జన్మలో ఇన్‌స్టంట్ కాఫీ ముట్టని నేను ఆ డబ్బాకు దండం పెట్టక తప్పలేదు.

నా వాదనకు అసలు దెబ్బ తర్వాత తగిలింది. ప్రోటాన్ల సంఖ్య పెంచేకొద్దీ దాటడం ఒక్కటే చాలలేదు. గడప దగ్గర గుత్తి కురచవుతుంది, ఇరుకులో ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఎంతసేపు నిలబెడితే అంత చేటు. గడప మీద నిలబడితే మా అమ్మమ్మ ఊరికే కసిరేది కాదన్నమాట. సెర్న్ వాళ్లు పుంజాన్ని మెల్లగా నడిపించలేదు సరికదా, కొన్ని ప్రత్యేక అయస్కాంతాల్లో ఒక్కసారిగా కరెంటు మార్చి, మిల్లీసెకను లోపే గడపనే దాని కిందినుంచి లాగేశారు.