తలకిందుల మాటను నిలబెట్టే విద్య

‘నిజాం ఓడలేదు’ అని 1948 సెప్టెంబర్ 18న ఏ పత్రికైనా శీర్షిక పెట్టిందనుకుందాం. చదివినవాళ్లు నవ్వుతారు. ముందురోజే, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. కానీ ఆ మాటను కొంచెం విరిచి చదవండి: నిజాం ఓడ లేదు. చుట్టూ నేలే తప్ప సముద్రతీరం లేని హైదరాబాద్ రాజ్యంలో రేవెక్కడిది, నిజాం ఓడెక్కడిది? జరగని చరిత్రను చెబుతున్నట్టున్న శీర్షిక ఒక్క అక్షరం మారకుండానే నిజమైపోయింది.

తెలుగువారికి ఈ ఆట కొత్తది కాదు. దీని పేరు సమస్యాపూరణం. ‘అలా జరక్కుండా ఇలా జరిగి ఉంటే?’ అని ఊహించి రాసే సరదా చరిత్రలు చాలా భాషల్లో ఉన్నాయి. సమస్య అందుకు ఎదురుదారిలో నడుస్తుంది. ప్రశ్న వేసే పృచ్ఛకుడు తలకిందుల మాట ఒకటి విసురుతాడు. పూరించే అవధాని చరిత్రనూ మార్చకూడదు, ఇచ్చిన మాటనూ మార్చకూడదు. రెండింటికీ పొత్తు కుదర్చాలి. అది కూడా ఛందస్సులో, యతిప్రాసలు తప్పకుండా, సభ చూస్తుండగా.

ఈ విద్యకు పాలమూరు సంస్థానాలు పెద్ద అండ. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. ఆ కోటలో పండితులకు సత్కారాలు జరిగేవి. వనపర్తి, ఆత్మకూరు ఆస్థానాలూ కవులను ఆదరించాయి. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి తమ ప్రతిభ చూపారు. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం జటప్రోలు సంస్థానానికి రాజధాని. ‘చంద్రికా పరిణయం’ రాసిన సురభి మాధవరాయలు ఆ వంశంవాడే.

పూరణకు కొన్ని తెలిసిన దారులున్నాయి.

మొదటిది విరుపు. ‘ఓడలేదు’ను ‘ఓడ లేదు’ చేసినట్టు, పదాన్ని మరోచోట తెంపడం. రెండోది ముందు పాదం నుంచి పదాన్ని అందుకోవడం. ‘రాముడు తల్లి తల నరికాడు’ అని ఇచ్చారనుకోండి. పై పాదం చివర ‘పరశు’ అని నిలిపితే చాలు, అయోధ్య రాముడు తప్పుకుని జమదగ్ని కొడుకు ముందుకొస్తాడు. మూడోది క్రమాలంకారం. ‘సీత కృష్ణుని భార్య’ అంటే సభ ఉలిక్కిపడుతుంది. అవధాని పై పాదాల్లో రెండు ప్రశ్నలు వేస్తాడు: రాముని ఇల్లాలి పేరేమి? రుక్మిణి ఎవరి భార్య? ఇక జవాబులు వరసగా చదువుకోవడమే: సీత, కృష్ణుని భార్య. ఇవేవీ పొసగకపోతే ఆ మాటను తాగినవాడి నోటనో, కల కన్నవాడి నోటనో పెట్టి తప్పించుకోవచ్చు. రసికులు దానికి మార్కులు తక్కువే వేస్తారు. అబద్ధాన్ని అబద్ధంగానే వదిలేసిన పూరణ అది.

అన్నిటికన్నా బలమైనది ఒకే మాటలో రెండర్థాలు పలికించే శ్లేష. దానికి సాటిలేని ఉదాహరణ ఈ నేల మీది పత్రికా చరిత్రలోనే ఉంది.

సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడు. పుట్టింది 1896లో. 1926 మే 10న ఆయన సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి ‘గోలకొండ పత్రిక’ మొదలైంది. ‘మొగలాయి కథలు’ రాసిన చేతికి హాస్యం కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు ‘పూజ్యం’ అని ముడుంబ వేంకట రాఘవాచార్యులు అన్నప్పుడు ఆయన ఆ మాటను ఒక సమస్యలా అందుకున్నారు. పూజ్యం అంటే సున్నా. పూజ్యం అంటే పూజించదగినది కూడా. దానికి జవాబుగా ఆయన 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులున్నారు. రాఘవాచార్యుల మాటలో ఒక్క అక్షరం మారలేదు. అర్థం మాత్రం మొదటి దాని నుంచి రెండోదానికి మారిపోయింది. ఇంతకన్నా గొప్ప సమస్యాపూరణం తెలుగులో ఇంకొకటి లేదు. మిగతావి నాలుగు పాదాల్లో ముగిశాయి, ఇది ఒక ప్రాంతపు సాహిత్య చరిత్రగా నిలిచింది.

ఈ విద్య విలువ కూడా అక్కడే తెలుస్తుంది. ఇది మాటల గారడీ మాత్రమే అయితే సభ ముగియగానే మరిచిపోయేవారు. పూరించాలంటే పురాణం తెలియాలి, చరిత్ర తెలియాలి, పదం ఎక్కడ విరుగుతుందో తెలియాలి. నిజాం రాజ్యానికి సముద్రం లేదని తెలియనివాడికి మొదటి శీర్షిక నవ్వు తెప్పించదు. ఒక వాక్యాన్ని నమ్మేముందు దాన్ని రెండు వైపులా తిప్పి చూసే అలవాటు పత్రికలు చదివే ప్రతివాళ్లకూ అవసరం. ఆ అలవాటును నవ్విస్తూ నేర్పే సాధనం మనకు ఏనాడో ఉంది.

సురవరం 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది. ఏటా సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడుల్లో ఉపాధ్యాయులు ఒక పాత పత్రికా శీర్షికను తలకిందులు చేసి నల్లబల్ల మీద రాయాలి. పద్యం రాకపోయినా ఫరవాలేదు, వచనంలోనే పూరించమని పిల్లలకు చెప్పాలి.