కావ్యపఠనము: ఆస్వాదము, అధ్యయనము

కావ్యమును ఆనందము కొఱకు చదువుట వేఱు, అధ్యయనము కొఱకు చదువుట వేఱు అను అభిప్రాయమొకటి విద్యార్థిలోకమున పాదుకొనియున్నది. పరిశోధనలో ప్రవేశించిన యొక విద్యార్థి ఇటీవల మాతో, “సిద్ధాంతవ్యాసము మొదలిడిన నాటినుండి పద్యమును పద్యముగా చదువలేకున్నాను, ఎక్కడ చూచినను ఉదాహరణలే కనబడుచున్నవి” అని పలికెను. ఈ మాట మమ్ము కలవరపెట్టినది. అట్టి స్థితి కొంతకాలము మాకును తటస్థించినది. కావున మా యనుభవమును పాఠకుల ముందుంచుట అప్రస్తుతము కాదని తలంచెదము.

మేము సిద్దిపేటలో పెరిగినవారము. ఆ ప్రాంతమున సాహిత్యము తొలుత చెవికి చేరును, పిదప కంటికి. ఒగ్గువారు కొమురవెల్లి మల్లన్న కథను తెల్లవార్లు చెప్పుచుండగా వినువారెవ్వరును అది యే ప్రక్రియయని యడుగరు. మా యింటి అరుగుపై పెద్దలు పోతన భాగవతములోని గజేంద్రమోక్షమును చదువుచుండగా, అర్థము తెలియకయే మేమును వల్లించితిమి. విష్ణువు వైకుంఠమునుండి బయలుదేరు ఘట్టములోని మత్తేభవృత్తము మాకు అట్లే కంఠస్థమైనది. అందు వేగమున్నదని తెలియును. అది యెట్లు కలిగినదో తెలియదు. తెలిసికొనవలెనను కోరికయు అప్పుడు లేదు.

కళాశాలలో చేరిన పిమ్మట అదే పద్యము ప్రశ్నాపత్రమున ఎదురైనది. గణములు, యతిస్థానము వ్రాసి మార్కులు పొందితిమి. కొన్నాళ్లకు ఆ పద్యమును చదువబోగా పూర్వపు రుచి కానరాలేదు. చాలకాలము ఆ దోషమును అధ్యయనముపై మోపితిమి. దోషము అధ్యయనమున లేదు. దానిని సగములో నిలిపివేయుటలో నున్నదని తరువాత గ్రహించితిమి.

ఆ గ్రహింపు మూలముతో పోల్చి చూచునప్పుడు కలిగినది. సంస్కృత భాగవతము అష్టమస్కంధమున హరి చక్రాయుధుడై గరుడునిపై శీఘ్రముగా గజేంద్రుని కడకు వచ్చును. పోతన ఆ సన్నాహమునంతయు తొలగించెను. భార్యతో చెప్పుట, ఆయుధములు గైకొనుట, పరిజనమును పిలుచుట, వాహనమును సిద్ధపఱచుట, చెదరిన జుట్టు సవరించుకొనుట – వీనిలో నేదియు జరుగలేదని వరుసగా చెప్పుచు పోయెను. పద్యములోని వ్యతిరేకక్రియలు ఆఱు. మొదటి యైదును చేయవలసిన పనిని చేయకపోవుటను చెప్పును. ఆఱవది అట్టిది కాదు. అది ప్రణయకలహమున పట్టుకొనిన లక్ష్మి కొంగును విడువకపోవుట. అయిదింట తొందర తెలిసినది. ఆఱవదానియందు ఒడలు మఱచుట తెలిసినది. తీసికొనవలసినదేదియు తీసికొనని స్వామి, వదలవలసినదానిని వదలక కదలెను! తరువాతి పద్యమున లక్ష్మియు, గరుడుడును, ఆయుధములును వెంటబడి వచ్చుట దీని ఫలమే. మూలమున స్వామిని గరుడుడు తెచ్చెను; తెలుగున గరుడుడే స్వామి వెనుక రావలసివచ్చెను.

ఇది తెలిసిన నాడు ఆ పద్యమును మరల పైకి చదివితిమి. బాల్యమున చెవికి తోచిన వేగము తిరిగి వచ్చినది. దానికి తోడు, భక్తునికై తన్ను తాను మఱచిన దైవముయొక్క రూపము కన్నులకు కట్టినది. లెక్కించుటచే రసము తగ్గలేదు, పెరిగినది.

ఈ సందర్భమున మల్లినాథసూరి స్మరణీయుడు. ఆయన యింటిపేరైన కోలాచలము మెదకు జిల్లాలోని కొల్చారమని పండితులు చెప్పుదురు. సిద్దిపేటయు 2016 వఱకు ఆ జిల్లాలోనిదే. కాళిదాసుని మూడు కావ్యముల వ్యాఖ్యకు ఆయన ‘సంజీవని’ యని పేరిడెను. దుర్వ్యాఖ్యల విషముచే మూర్ఛిల్లిన కవివాక్కును బ్రదికించుట తన పనిగా చెప్పుకొనెను. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. వ్యాఖ్య కావ్యమును మూర్ఛిల్లజేయగలదని ఆయన యెఱుగును. తిరిగి లేపగలదనియు నెఱుగును. ఔషధమునకు, విషమునకు గల భేదము ఆ నియమములోనే యున్నది.

కేవలానందమును తక్కువచేయుట మా యభిమతము కాదు. అది లేనిచో అధ్యయనమునకు వస్తువే లేదు. కాని, ‘బాగున్నది’ యను మాటతో ఆగిపోవు ఆనందము ఇతరులకు అందదు. ఎందుకు బాగున్నదో చెప్పగలిగినపుడే అది పాఠమగును. శాసనములు, లక్షణగ్రంథములు మొదలగువానిని రసముకొఱకు చదువము. వానికి ఈ కొలత వర్తింపదు. కావ్యమునకు మాత్రము వర్తించును. విమర్శ ముగించిన పిదప పాఠకునికి మూలము విప్పవలెనను కోరిక కలుగనిచో, ఆ విమర్శ ముగియలేదన్నమాట.

ఉపాధ్యాయులు ప్రతిపదార్థమునకు ముందొకసారి, తరువాత నొకసారి పద్యమును పైకి చదువుట మేలు. ఆ రెండవ పఠనమున తరగతి నిశ్శబ్దమైనచో పాఠము ఫలించినట్లే. మాతో మొఱపెట్టుకొనిన విద్యార్థికిని ఇదియే చెప్పితిమి: ఒక్కొక్క అధ్యాయము వ్రాసిన పిమ్మట టిప్పణములను కట్టిపెట్టి, కావ్యమును మొదటినుండి, ఏమియు గుర్తుపెట్టక, ఒకమాఱు చదువుమని.