బెండు మార్చిన నిబంధన

దక్షిణ కొరియాలో తొంగ్‌యోంగ్, కోజే తీరాల వెంట సముద్రం మీద వరసలు వరసలుగా బెండ్లు తేలుతుంటాయి. వాటికి కట్టిన పొడవాటి తాళ్ల నుంచి ఆల్చిప్పల దండలు నీళ్లలోకి వేలాడతాయి. చిప్ప పెరిగేకొద్దీ బరువెక్కి తాడు కుంగుతుంది. రైతు ఇంకో బెండు తెచ్చి కడతాడు. ఈ పనికి థర్మకోల్‌ను మించిన సరుకు లేదని ఒప్పుకోవాల్సిందే. అందులో 98 శాతం గాలే. చవక, తేలిక, ఓ మూల పగిలినా మునగదు.

చిక్కంతా అది పగిలే తీరులోనే ఉంది. ఎండకు పైపొర పొడిబారుతుంది. తాడు ఒరుసుకున్నచోట గాడి పడుతుంది. నీటి అడుగున ఉన్న వైపు రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న పురుగులు తొలుచుకుని కాపురం పెడతాయి. తొలిచినకొద్దీ సగ్గుబియ్యంలా గుండ్లు రాలతాయి. 62 లీటర్ల బెండు ఒక్కటి పూర్తిగా చితికితే రెండున్నర మిల్లీమీటర్లలోపు ముక్కలు 76 లక్షలవుతాయని కొరియా పరిశోధకులు లెక్కగట్టారు. ఒకసారి ఇసుకలో కలిశాక వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు. బెండు నీళ్లలోకి దిగకముందే ఆపాలి.

2021 నవంబరులో అక్కడి ప్రభుత్వం సాగు జలాల నిర్వహణ నియమాలను సవరించింది. ఆ సవరణ చదువుతుంటే చేయి తిరిగిన వడ్రంగి బిగించిన తలుపు గుర్తొస్తుంది, ఎక్కడా కిర్రుమనదు. నీళ్లలో ఉన్న పాత బెండ్లన్నీ రేపటికల్లా పీకేయమనలేదు. కొత్తగా థర్మకోల్ కట్టొద్దంది, అంతే. పాతవి అరిగిన కొద్దీ వాటంతటవే తప్పుకుంటాయి, రైతు చేతిలోని పెట్టుబడి ఒక్కరోజులో బూడిద కాదు. గడువునూ రెండుగా చీల్చారు: ఆల్చిప్పలు, గిమ్ నాచు వంటి సాగులకు 2022 నవంబరు 13, మిగతా అన్నింటికీ సరిగ్గా మరుసటి ఏడాది అదే తేదీ. ధృవీకరణ పొందిన బెండు కొంటే ఖర్చులో 70 శాతం దాకా కేంద్ర, స్థానిక ప్రభుత్వాలు భరించేలా సాయం పెట్టారు. కర్ర, బెల్లం రెండూ ఒకే చేతిలో ఉన్నాయన్నమాట.

ఐరోపా సమాఖ్య ఇంకో దారి పట్టింది. 2019 నాటి ప్లాస్టిక్ ఆదేశంలో వలలతోపాటు చేపల సాగు సామగ్రినీ చేర్చి, పాడైన ప్లాస్టిక్ సామగ్రి సేకరణ ఖర్చును తయారీదారు నెత్తిన పెట్టింది. మంచిదే. కానీ అది సామగ్రి పాడయ్యాక మొదలయ్యే పని.

కొరియా నిబంధనకూ ఓ అతుకు కనిపిస్తుంది. థర్మకోల్ బదులు వచ్చినవాటిలో ఎక్కువ భాగం గట్టి ప్లాస్టిక్ బెండ్లే. బరువెక్కువ, ధర ఎక్కువ. లోపల బోలుగా ఉన్నవి పగిలితే నీరు చేరి, తాడునీ దండలనీ వెంటబెట్టుకుని కిందికి దిగుతాయి. రైతులు గొణిగేది అందుకే, ఆ గొణుగుడులో న్యాయం ఉంది. ధృవీకరణ పరీక్ష ఎంత కటువుగా ఉంటే ఈ నిబంధన అంత నిలుస్తుంది.