పలచనా, చిక్కనా?

వీర్య పరీక్షకు వచ్చేవాళ్లు మా ల్యాబు కౌంటరు దగ్గర 'వీర్యం' అన్న మాట అనరు. డాక్టరు రాసిన చీటీని మడతపెట్టి ముందుకు తోస్తారు, అంతే. వెనక షుగరు టెస్టుకొచ్చిన పెద్దాయన నిలబడి ఉంటాడు మరి. శాంపిలు డబ్బా ఇచ్చేటప్పుడు మాత్రం చుట్టూ ఓసారి చూసుకుని గొంతు తగ్గించి అడుగుతారు: "పలచగా ఉందండీ, పరవాలేదా?"

పరవాలేదు. వీర్యం బయటికి రాగానే చిక్కగా, జిగురుగా ఉంటుంది. ఒక్కోసారి నానిన సగ్గుబియ్యంలాంటి ఉండలు కూడా కనిపిస్తాయి. అరగంటలో, మహా అయితే గంటలో అదంతా కరిగి పలచబడాలి. శాంపిలు ఇచ్చినాయన ఏది చూసి భయపడుతున్నాడో దానికోసమే మేం డబ్బాను 37 డిగ్రీల దగ్గర పెట్టి ఎదురుచూస్తాం. కరగకపోతేనే రిపోర్టులో రాస్తాం.

అసలు కంటికి కనిపించే ఆ ద్రవంలో వీర్యకణాల వంతు నూటికి ఐదు పాళ్లు మించదు. మూడింట రెండు వంతులు వీర్యాశయాల నుంచి, మిగతాది చాలావరకు ప్రోస్టేటు గ్రంథి నుంచి వస్తుంది. వేసెక్టమీ చేయించుకున్నవాళ్లకు పరిమాణంలో తేడా తెలియనిది ఇందుకే. చూసి చెప్పగలిగిందేమీ లేదని నేనంటే కొందరికి నమ్మకం కుదరదు. అయినా రంగు ఎర్రగా ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే. కుర్రాళ్లలో చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది, నలభై దాటినవాళ్లు ప్రోస్టేటు కూడా చూపించుకోవాలి.

ఇక మైక్రోస్కోపు కింద సంగతి. స్లైడు మీద చుక్క వేసి ఫోకస్ తిప్పగానే కొన్ని రివ్వున ముందుకు పోతుంటాయి, కొన్ని నెమ్మదిగా ముందుకు జరుగుతుంటాయి, కొన్ని ఉన్నచోటే గిరగిరా తిరుగుతూనో తోక మాత్రం ఆడిస్తూనో ఉంటాయి, కొన్ని కదలనే కదలవు. ఈ నాలుగు రకాలనూ వేరువేరుగా లెక్కపెట్టడమే మా పని. రంగు అద్దిన స్లైడులో తల, మెడ, తోక చూస్తే రెండు తలలవి, తోక చుట్టుకుపోయినవి బోలెడు. "నాలుగు శాతమే బాగున్నాయా సార్?" అని రిపోర్టు పట్టుకుని గుడ్లు తేలేస్తారు. నాలుగు ఉంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్లో కింది గీత అదే. మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, 42 శాతం కదలిక, మొత్తం 1.4 మిల్లీలీటర్లు కూడా అలాంటి గీతలే. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లను పరీక్షించి, వాళ్లలో అట్టడుగు ఐదు శాతం దగ్గర గీసినవి. గీత కిందున్నవాడికి పిల్లలు పుట్టరని కాదు, పైనున్నవాడికి ఖాయమనీ కాదు.

ఒక్క రిపోర్టు చూసి కుంగిపోవద్దని చెప్పడానికి నా దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. వీర్యకణం తయారవడానికి రెండు నెలల పైచిలుకు, ఆపైన నాళాల్లో పరిపక్వమవడానికి మరికొన్ని రోజులు పడుతుంది. ఇవాళ మేం లెక్కపెట్టేది దాదాపు మూడు నెలల కిందటి సరుకు. అప్పుడొచ్చిన గట్టి జ్వరం ఇప్పటి రిపోర్టులో కనిపిస్తుంది. డబ్బాలో మొదటి చుక్కలు పడకపోయినా కౌంటు తగ్గుతుంది, ఎక్కువ కణాలుండేది వాటిలోనే. రెండు నుంచి ఏడు రోజుల విరామం చాలు. నెలంతా దాచుకొచ్చి ఇస్తే పోగయ్యేది కదలని కణాలే.

ఈ దాచుకోవడం మన దగ్గర పాత జబ్బు. నూరు చుక్కల రక్తానికి ఒక చుక్క వీర్యమన్న లెక్క ఏ శాస్త్రంలోనూ నిలవదు. నిద్రలో పోతే నీరసమని హడలిపోయే కుర్రాళ్ల కోసమే గోడల మీద 'నరాల బలహీనత' ప్రకటనలు. అలాంటి ప్రకటనలను నిషేధించే చట్టం 1954 నుంచే ఉంది, గోడలు మాత్రం అలాగే ఉన్నాయి. విజయవాడ డాక్టర్ సమరం గారు 'స్వాతి' పత్రికలో ఏళ్ల తరబడి ఇవే ప్రశ్నలకు జవాబులు రాశారు. ప్రశ్నలు ఇప్పటికీ అవే.

కొత్తగా వచ్చిందల్లా జిమ్ము ఇంజెక్షన్. కండల కోసం టెస్టోస్టిరాన్ ఎక్కించుకుంటే ఒంట్లో చాలినంత ఉందనుకుని మెదడు తన సంకేతాలు ఆపేస్తుంది, వృషణాలు పని మానేస్తాయి. మెలి తిరిగిన దండలతో వచ్చినవాడి స్లైడులో ఒక్క కణమూ కనపడదు. ఇంజెక్షన్ ఆపేస్తే చాలామందికి కౌంటు తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది.

పిల్లలు లేరని వచ్చే జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపూ ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా ఆమెకు స్కానింగులు, హార్మోన్ టెస్టులు, ట్యూబుల పరీక్ష అన్నీ అయ్యాకే ఆయన డబ్బా పట్టుకుంటాడు. అన్నిటికన్నా చవకైనదీ, నొప్పి లేనిదీ ఆయన టెస్టే. చివరికి రిపోర్టు కోసం కూడా ఆమే వస్తుంది, ఆయన బయట బైకు మీద కూర్చుని ఫోను చూసుకుంటుంటాడు. మేం ఆయన్నే లోపలికి పిలవమంటాం. తేడా ఉంటే మళ్లీ శాంపిలు ఇవ్వాల్సింది ఆయనే కదా.